మేజోళ్లతో మొదలైన పాఠం

అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఒక శాఖ ఉంది. అక్కడివారు దానిని పొడి అక్షరాలతో యు.సి.ఎల్.ఎ. అంటారు. ఏటా అక్టోబరు నెలలో ఆ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు అభ్యాసం ప్రారంభించేది. 1960 దశకం చివరలో ఆ జట్టులో చేరిన యువకులు సామాన్యులు కారు. తమ తమ ఉన్నత పాఠశాలలలో పేరు మోసినవారు. దేశంలోకెల్లా గొప్ప శిక్షకుని వద్దకు వచ్చాం, ఈయన ఏ రహస్యం చెబుతాడో అని చెవులు నిక్కబొడుచుకొని కూర్చునేవారు.

కళ్లద్దాలు పెట్టుకొని, బడిపంతులులా కనిపించే ఆ శిక్షకుడు వచ్చి, ముందుగా వారికి మేజోళ్లు తొడుక్కోవడం నేర్పేవారు.

మేజోడు వేళ్ల కొసల వద్ద బిగువుగా ఉండాలి. చిటికెన వేలి పక్కన, మడమ వద్ద మడత మిగలకుండా చేతితో నిమరాలి. ఆ తరువాత బూటు. బూటు వదులుగా ఉండరాదు. తాడును పైన ఒక్కసారి లాగి ముడివేయడం కాదు, ఒక్కొక్క రంధ్రం వద్ద బిగించుకొంటూ రావాలి. చివర రెండు ముడులు వేయాలి. ఆయన తామే చేసి చూపి, అందరి చేతా చేయించి, వంగి పరీక్షించేవారు. ఏడడుగుల రెండంగుళాల పొడవున్న ల్యూ అల్సిండర్ కూడా ఈ పాఠం నేర్చుకొన్నవాడే. తరువాత కరీం అబ్దుల్ జబ్బార్ అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధుడైన ఆటగాడు ఇతడే.

మేజోటిలో మడత ఉంటే పరుగులో అది చర్మాన్ని రాస్తుంది. రాపిడికి బొబ్బ లేస్తుంది. బొబ్బ లేచిన కుర్రవాడు రెండు రోజులు అభ్యాసానికి రాలేడు, వచ్చినా కుంటుతాడు. కుంటుతున్నవాడు ఆటలో ఒక్క అడుగు ఆలస్యంగా చేరుతాడు. ఆ ఒక్క అడుగులోనే ఎదుటివాడు బంతిని బుట్టలో వేస్తాడు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు అనే మాటను ఆ శిక్షకుడు కాలివేళ్ల వద్ద నుండి మొదలుపెట్టారన్నమాట.

ఆయన పేరు జాన్ వుడెన్. 1948 నుండి 1975 వరకు ఇరవై ఏడేళ్లు యు.సి.ఎల్.ఎ. జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. ఆ కాలంలో జట్టు పదిసార్లు జాతీయ విశ్వవిద్యాలయ విజేతగా నిలిచింది. అందులో 1967 నుండి 1973 వరకు వరుసగా ఏడుసార్లు. 1971 జనవరి నుండి 1974 జనవరి వరకు ఒక్క ఆట కూడా ఓడకుండా 88 ఆటలు గెలిచింది. ఆ 88 తరువాత వచ్చిన ఓటమిని గురించి కూడా ఈ పాఠంలో తెలుసుకొందాం. ఆయన పద్ధతిలోని బలమూ బలహీనతా రెండూ ఆ రోజున కనిపించాయి.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టింది. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో గదిలోపల ఆడుకొనేందుకు రెండు పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున కొట్టించి దీనిని కల్పించాడు. నేటికీ బుట్ట ఎత్తు పది అడుగులే. ఒక్కొక్క జట్టుకు ఐదుగురు. బంతిని చేతపట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుకొంటూ పోవాలి, లేదా తోటివానికి అందించాలి. అక్కడి విశ్వవిద్యాలయాల పురుషుల ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలుగా సాగుతుంది. మధ్యలో శిక్షకుడు కోరితే ఆటను కొద్దిసేపు ఆపి తన జట్టును దగ్గరకు పిలిచి మాట్లాడవచ్చు. దీనినే టైమ్ అవుట్ అంటారు. ఈ మాటను గుర్తుంచుకోండి. మన కథలో దీనికి పని ఉంది.

వుడెన్ 1910 అక్టోబరు 14న ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. పల్లెటూరి వ్యవసాయ కుటుంబం. ఇంటిలో విద్యుద్దీపం లేదు, కుళాయి లేదు. తండ్రి టమాటాల బుట్టకు అడుగు ఊడగొట్టి గాదెలో మేకులతో కొడితే, తల్లి పాత మేజోటిలో గుడ్డపేలికలు కూరి బంతి కుట్టి ఇచ్చింది. ఆయన తొలి ఆట ఆ బంతితోనే. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు మూడు సంవత్సరాలు దేశపు ఉత్తమ విద్యార్థి క్రీడాకారులలో ఒకరుగా ఎంపికయ్యారు. అయినా ఆయన చదివింది ఆంగ్ల సాహిత్యం. 1932లో పట్టా పుచ్చుకొని ఉన్నత పాఠశాలలో ఆంగ్ల ఉపాధ్యాయులుగా చేరారు. కెంటకీ రాష్ట్రంలో రెండేళ్లు, సౌత్ బెండ్ పట్టణంలో తొమ్మిదేళ్లు ఆయన పగలు వ్యాకరణం, సాయంత్రం బాస్కెట్‌బాల్ చెప్పారు. శిక్షకులుగా మొదటి సంవత్సరం ఆయన జట్టు గెలిచిన ఆటల కంటె ఓడినవే ఎక్కువ!

ఆ బడిలో ఉండగానే ఆయనకు ఒక సందేహం కలిగింది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాని తల్లిదండ్రులు వచ్చి బాధపడేవారు, కొందరు కోపపడేవారు. పక్కింటి పిల్లవానికి వచ్చినన్ని మార్కులు మావానికి ఎందుకు రాలేదని వారి బాధ. ఇద్దరు పిల్లల శక్తి ఒక్కటి కానప్పుడు ఇద్దరినీ ఒక్క కొలతతో కొలవడం న్యాయమా? ఇలా ఆలోచించి ఆయన విజయమన్న మాటకు తనదైన అర్థం చెప్పుకొన్నారు. తన శక్తి మేరకు తాను చేయగలిగినదంతా చేశానని తెలిసినప్పుడు కలిగే మనశ్శాంతే విజయం. ఎదుటివానికి ఎన్ని వచ్చాయన్నది దానిలో చేరదు. ఈ భావాన్నే పదిహేను రాళ్లు పేర్చిన పిరమిడ్‌గా గీశారు. 1934లో మొదలుపెడితే పూర్తి కావడానికి 1948 వరకు పట్టింది. శ్రమ, ఉత్సాహం పునాది మూలలలో ఉండే రాళ్లు. గెలవాలి అన్న మాట ఆయన నోట వినలేదని ఆయన శిష్యులు చెబుతారు. పది జాతీయ విజయాలు సాధించిన మనిషి విషయంలో ఇది నమ్మశక్యంగా తోచదు. కాని ఆయన అభ్యాసం నడిపిన తీరు చూస్తే నమ్మక తప్పదు.

అంతకు ముందు ఒక సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి వచ్చి, వుడెన్ 1946లో ఇండియానా రాష్ట్ర ఉపాధ్యాయ కళాశాలలో శిక్షకులయ్యారు. ఆ జట్టులో క్లారెన్స్ వాకర్ అనే నీగ్రోజాతి విద్యార్థి ఉండేవాడు. ఆనాడు వారిని అలా పిలిచేవారు, ఈనాడు నల్లజాతివారనీ ఆఫ్రికన్ అమెరికన్లనీ అంటారు. 1947లో ఆ జట్టుకు కాన్సాస్ సిటీలో జరిగే జాతీయ పోటీకి ఆహ్వానం వచ్చింది. ఆ పోటీలో నల్లజాతి ఆటగాళ్లు ఆడరాదని నియమం. వాకర్ జట్టుకు ఆయువుపట్టు కాదు, బల్లమీద కూర్చుని తన వంతు కోసం చూచేవాడు. అతన్ని ఇంటివద్ద దిగవిడిచి వెళ్లి ఉంటే ఆటలో పెద్ద తేడా వచ్చేది కాదు. వుడెన్ ఆహ్వానాన్ని తిరస్కరించారు. మరుసటి సంవత్సరం నియమం మారింది, జట్టు వెళ్లింది, వాకర్ ఆడాడు. ఆ పోటీలో ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతడే. ఆ ఏడు వుడెన్ జట్టు ఫైనల్‌లో ఓడిపోయింది. జట్టు క్రమశిక్షణ అనగానే మనకు ఆటగాళ్లు పాటించవలసిన నియమాలే గుర్తుకు వస్తాయి. శిక్షకుడు తన ఆటగాని పట్ల పాటించవలసినదీ ఒకటి ఉన్నదని ఈ సంగతి వల్ల తెలుస్తుంది.

1948లో వుడెన్ లాస్ ఏంజలిస్ చేరారు. అక్కడ ఆయనకు దొరికింది పాత వ్యాయామశాలలో మూడవ అంతస్తు. అదే గదిలో ఒక పక్క కుస్తీ పట్టేవారు, మరొక పక్క గారడీ విద్యలవలె పిల్లిమొగ్గలు వేసే జిమ్నాస్టులు. దుమ్ము లేచేది. జట్టు రాకముందే వుడెన్ స్వయంగా తుడుపుగుడ్డ పట్టుకొని నేల తుడిచేవారు. పాలీ పెవిలియన్ అనే పెద్ద క్రీడాభవనం 1965లో గాని రాలేదు. మొదటి జాతీయ విజయం 1964లో వచ్చింది. అంటే పదిహేను సంవత్సరాలు గడిచి పదహారవ ఏట. పది పతకాలను గురించి చెప్పేవారు ఈ పదిహేనేళ్లను సాధారణంగా చెప్పరు.

ఆయన అభ్యాసం రెండు గంటలకు మించేది కాదు. కాని ఆ రెండు గంటలకు పథకం వేయడానికి ఉదయం సహాయకులతో కూర్చుని అంత సమయమూ వెచ్చించేవారు. ఏ నిమిషం నుండి ఏ నిమిషం వరకు ఏమి చేయాలో చిన్న అట్టముక్కమీద వ్రాసుకొని జేబులో పెట్టుకొనేవారు. ఏ అభ్యాసానికి ఎన్ని బంతులు కావాలో కూడా అందులో ఉండేది. అనుకొన్న వేళకు ఈల మ్రోగేది, పని మారేది. వ్రాసిన కాగితాలను దాచి ఉంచి, కిందటి సంవత్సరం ఇదే రోజున ఏమి చేశామో చూచుకొనేవారు. పాఠ ప్రణాళిక వ్రాయడానికి విసుగుకొనే ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు. వారు ఈ అట్టముక్కలను తలచుకోవాలి.

తప్పు దిద్దడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఆట ఆపేవారు. ఇలా చేయాలి అని చేసి చూపేవారు. నీవు ఇలా చేశావు అని అతని తప్పును అనుకరించి చూపేవారు. మళ్లీ సరియైన తీరు చూపేవారు. మూడూ కలిపి నాలుగైదు క్షణాలు. ఉపన్యాసం లేదు. కుర్రవాని కంటికి చివర కనిపించేది ఒప్పే గాని తప్పు కాదు. ఆ తరువాత మళ్లీ మళ్లీ చేయించేవారు. వివరించడం, చూపించడం, చేయించడం, దిద్దడం, ఆ పైన అలవాటయ్యే వరకు తిరిగి తిరిగి చేయించడం ఆయన దృష్టిలో నేర్పడమంటే. ఆంగ్ల వ్యాకరణం చెప్పినా ఇదే వరుస, బంతి అందించడం చెప్పినా ఇదే వరుస.

నియమాలు తక్కువ. వేళకు రావాలి. నోట దుర్భాష రారాదు. తోటివానిని తప్పుపట్టరాదు, తప్పుపట్టే పని శిక్షకునిది. వీటితోపాటు ఒక అలవాటు ఉండేది. బుట్టలో బంతి వేసినవాడు తనకు బంతి అందించినవాని వైపు చూచి తల ఆడించాలి, లేదా వేలు చూపాలి. చప్పట్లు కొట్టే జనానికి బంతి వేసినవాడే కనబడతాడు. అందించినవానిని గుర్తించవలసింది ఇతడే గదా!

జుట్టు, గడ్డం విషయంలో మాత్రం ఆయన పట్టుదల మనిషి. చెమట పట్టిన పొడవాటి జుట్టును చేతితో తుడుచుకొంటే బంతి జారుతుందనీ, తడితలతో చలిలోకి వెళితే జలుబు చేస్తుందనీ కారణం చెప్పేవారు. అది వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన కాలం. పొడవాటి జుట్టు ఆనాటి యువకుల జెండా. బిల్ వాల్టన్ దేశంలోనే ఉత్తమ విద్యార్థి క్రీడాకారుడు, యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో నిలిచినవాడు. ఒకసారి అతడు గడ్డం పెంచుకొని అభ్యాసానికి వచ్చాడు. జుట్టు ఎంత ఉండాలో చెప్పే అధికారం మీకు లేదని వాదించాడు. వుడెన్ కాదనలేదు. ఆ అధికారం తనకు లేదన్నారు. కాని జట్టులో ఎవరు ఆడాలో చెప్పే అధికారం తనకు ఉన్నదనీ, నీవు లేకపోవడం మాకు లోటేననీ చెప్పారు. వాల్టన్ హుటాహుటిన వెళ్లి జుట్టు కత్తిరించుకొని, గడ్డం తీసివేసి వచ్చాడు. తరువాత ఎన్నో ఏళ్లు ఈ కథను తానే నవ్వుతూ చెప్పేవాడు. నియమం మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. గడ్డానికీ బంతికీ సంబంధమేమిటని మీరూ అడగవచ్చు. గొప్ప ఆటగానికి ఒకటి, బల్లమీద కూర్చున్నవానికి ఒకటి అని రెండు నియమాలు లేకపోవడం మాత్రం జట్టు అంతా చూచింది.

ఇక ఆట వ్యూహం. 1964 జట్టులో మొదట ఆడే ఐదుగురిలో ఆరడుగుల ఐదంగుళాలు దాటినవాడు లేడు. ఈ ఆటలో అది పొట్టి జట్టే. పొడుగువారు నిదానంగా బుట్ట దగ్గరకు చేరి నిలబడితే వారిని ఆపలేరు. కనుక వారిని నిదానంగా చేరనివ్వరాదు. సహాయ శిక్షకుడు జెర్రీ నార్మన్ పట్టుబట్టగా వుడెన్ ఒక వ్యూహం పన్నారు. తమ జట్టు బుట్ట వేయగానే వెనుకకు పరుగెత్తకుండా, ఎదుటివారు బంతి లోపలికి వేసే చోటనే వారిని అటకాయించాలి. దీనిని జోన్ ప్రెస్ అంటారు. ముందు ఇద్దరు, వారి వెనుక ఇద్దరు, అందరికంటె వెనుక ఒక్కడు. ముందు ఇద్దరూ బంతి పట్టినవానిని పక్కగీత వైపు నెట్టుకొంటూ పోయి చేతులు చాచి అడ్డుపడతారు. వాడు కంగారుపడి పైకి విసిరిన బంతిని రెండవ వరుసవారు అందుకొంటారు. ఎవరైనా తప్పించుకొని వస్తే చివరివాడున్నాడు.

పది సెకండ్లలో బంతి సగం కోర్టు దాటాలని నియమం ఉంది. కనుక ఎదుటివారికి గాలి పీల్చుకొనే వ్యవధి ఉండదు. బంతి దొంగిలించడం ఒక్కటే దీని ప్రయోజనమనుకోరాదు. ముప్పై నిమిషాలపాటు తొందరలో పరుగెత్తిన జట్టు చివరి పది నిమిషాలలో అలసిపోతుంది. అలసినవాడు తప్పు చేస్తాడు. ఆ సంవత్సరం జాతీయ ఫైనల్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయ జట్టులో పొడుగువారున్నారు. మొదటి భాగంలో వెనుకబడి ఉన్న యు.సి.ఎల్.ఎ. మూడు నిమిషాలు నిండకుండా వరుసగా 16 పాయింట్లు చేసింది. చివరకు 98–83తో గెలిచింది. ఆ సంవత్సరం ఆడిన 30 ఆటలలో 30 గెలిచింది.

పరిస్థితినిబట్టి వ్యూహం మార్చుకోవడానికి 1968 మంచి ఉదాహరణ. ఆ జనవరి 20న హ్యూస్టన్ నగరంలోని ఆస్ట్రోడోమ్‌లో యాభై రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా యు.సి.ఎల్.ఎ. 71–69తో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది. అల్సిండర్ కంటికి అంతకు ముందే గాయమైంది. హ్యూస్టన్ ఆటగాడు ఎల్విన్ హేస్ ఒక్కడే 39 పాయింట్లు చేశాడు. రెండు నెలల తరువాత జాతీయ సెమీఫైనల్‌లో అదే జట్టు మళ్లీ ఎదురైంది. ఈసారి నార్మన్ సలహామీద ఐదుగురిలో నలుగురు వజ్రం ఆకారంలో తమ తమ చోట్లు కాచుకొన్నారు. ఐదవవాడు లిన్ షాకిల్‌ఫర్డ్ ఎవరి చోటూ కాయలేదు. హేస్ ఎక్కడికి పోతే అక్కడికి నీడలా పోవడమే అతని పని. బంతి చేతికి వస్తే గదా హేస్ గొప్పతనం! అతడు పది పాయింట్లు మాత్రమే చేశాడు. యు.సి.ఎల్.ఎ. 101–69తో గెలిచింది. గమనించండి, జనవరిలో ఆట నడుస్తుండగా మార్చిన వ్యూహం కాదిది. సహాయకుని మాట విని, ముందుగా అభ్యాసంలో కుదుర్చుకొని తెచ్చినది.

ఇదే వుడెన్ పద్ధతికి ఆయువుపట్టు. నేర్పవలసినదంతా వారం పొడవునా నేర్పాలి. ఆటనాడు శిక్షకుడు ఊరుకోవాలి. చుట్టచుట్టిన కాగితం ఒకటి చేతపట్టుకొని ఆయన బల్లమీద కూర్చునేవారు. పరీక్ష గదిలో ఉపాధ్యాయుడు వచ్చి జవాబు చెప్పడు గదా, ఇదీ అంతే. టైమ్ అవుట్ కోరడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ముందుగా ఎదుటివారే కోరాలి, అంటే ముందుగా అలసిపోయేది వారే కావాలి అని తన జట్టుకు చెప్పేవారు. పన్నెండు సంవత్సరాలపాటు ఈ మాట దాదాపు ఎప్పుడూ నిజమయింది.

1974 జనవరి 19. సౌత్ బెండ్ పట్టణం. వుడెన్ ఒకప్పుడు తొమ్మిదేళ్లు పంతులుగా పనిచేసిన ఊరే. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంతో ఆట. మూడున్నర నిమిషాల ఆట మిగిలి ఉండగా యు.సి.ఎల్.ఎ.కు 70, నోటర్ డేమ్‌కు 59. పదకొండు పాయింట్ల ఆధిక్యం. వరుసగా 89వ విజయం చేతికి అందినట్లే. నోటర్ డేమ్ శిక్షకుడు డిగ్గర్ ఫెల్ప్స్ టైమ్ అవుట్ కోరి, ఒక ఆటగానిని మార్చి, కోర్టు పొడవునా ప్రెస్ వేయించాడు. వుడెన్ పదేళ్లుగా ఇతరులమీద ప్రయోగించిన ఆయుధమే అది!

ఇక్కడ ఒక నియమం తెలిసి ఉండాలి. ఈనాడు విశ్వవిద్యాలయాల ఆటలో బంతి చేతికి వచ్చిన జట్టు ముప్పై సెకండ్లలో దానిని బుట్టకు వేసి తీరాలి. ఆ గడియారం మొదటిసారి 1985–86లో వచ్చింది, అప్పుడు గడువు నలభై అయిదు సెకండ్లు. 1974లో అటువంటి గడువే లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని ఒకరికొకరు అందించుకొంటూ కాలం గడపవచ్చు. తొందరేమీ లేదు. కాని యు.సి.ఎల్.ఎ. కుర్రవాళ్లు ఎప్పటివలెనే ఆడారు. బంతి పోగొట్టుకొన్నారు. 61 అయింది, 63 అయింది. మరొక బంతి పోయింది. జనం లేచి నిలబడ్డారు. స్కోరు జారిపోతున్నంతసేపు వుడెన్ ఆట ఆపమని కోరలేదు. ఇరవై తొమ్మిది సెకండ్లు మిగిలి ఉండగా డ్వైట్ క్లే అనే కుర్రవాడు మూలనుండి వేసిన బంతి బుట్టలో పడింది. నోటర్ డేమ్ 71, యు.సి.ఎల్.ఎ. 70. చివరి క్షణాలలో యు.సి.ఎల్.ఎ. వేసిన బంతులు ఒక్కటీ పడలేదు. నోటర్ డేమ్ వరుసగా చేసిన పాయింట్లు పన్నెండు. యు.సి.ఎల్.ఎ.కు వచ్చినది సున్న.

వుడెన్ ఒక్క నిమిషం ఆట ఆపి, బంతిని మీవద్దనే ఉంచుకోండి, తొందరపడకండి అని చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నా మట్టుకు నాకు ఆయన ఆ రోజు పొరపడ్డారనే తోస్తుంది. అభ్యాసంలో నేర్పని పరిస్థితి ఆటలో ఎదురైనప్పుడు గురువు నోరు విప్పవలసిందే. మూడేళ్లుగా ఓటమి ఎరుగని జట్టుకు, చేజారుతున్న ఆటను పట్టి నిలపడం అలవాటు తప్పి ఉంటుంది. నేర్చుకొనే అవకాశమే రాలేదు మరి! అయితే ఆ మౌనమే అంతకు ముందు 88 ఆటలలో ఆ కుర్రవాళ్లను తమ కాళ్లమీద తాము నిలబడేటట్లు చేసిందని వాదించేవారు ఉన్నారు. వారి వాదమూ కొట్టివేయదగినది కాదు.

వారం తిరిగేసరికి లాస్ ఏంజలిస్‌లో ఆ రెండు జట్లే మళ్లీ తలపడ్డాయి. యు.సి.ఎల్.ఎ. 94–75తో గెలిచింది. అంతటితో గుణపాఠం పూర్తయిందనుకొంటే పొరపాటు. ఆ మార్చిలో జాతీయ సెమీఫైనల్‌లో నార్త్ కెరొలినా స్టేట్ జట్టుతో ఆట సమానమై, అదనపు సమయమూ సమానమై, రెండవ అదనపు సమయానికి వెళ్లింది. అందులో యు.సి.ఎల్.ఎ. ఏడు పాయింట్లు ముందుంది. అక్కడి నుండి 77–80తో ఓడింది. చేతికి అందిన ఆట జారిపోవడం ఒకే సంవత్సరంలో రెండవసారి. ఏడేళ్ల వరుస విజయం అక్కడ ఆగింది. వాల్టన్ ఆ ఓటమిని చాలా ఏళ్లు మరువలేకపోయాడు.

మరుసటి సంవత్సరానికి వాల్టన్ చదువు ముగించి వెళ్లిపోయాడు. 1974–75 చలికాలంలో రోనాల్డ్ గాలిమోర్, రోలాండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పాలీ పెవిలియన్‌లో ఖాళీ బల్లలమీద కూర్చుని, అభ్యాస సమయంలో వుడెన్ అనే ప్రతి మాటనూ లెక్కపెట్టి వ్రాసుకొన్నారు. రెండు వేల మూడు వందలకు పైగా మాటలు, చేతలు లెక్కకు వచ్చాయి. అందులో నాలుగింట మూడు వంతులు కేవలం పని ఎలా చేయాలో చెప్పేవి. ఉత్త మెచ్చుకోలు నూటికి ఏడు పాళ్లు. ఉత్త కోపమూ దాదాపు అంతే. ఈ వివరాలు 1976లో అచ్చయ్యాయి. గొప్ప శిక్షకుడంటే ఆవేశంతో ప్రసంగించి రక్తం పొంగించేవాడని అనుకొనేవారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగించింది. ఓటమి వచ్చిన మరుసటి ఏడు కూడా అరవై నాలుగేళ్ల ఆ మనిషి అట్టముక్క చేతపట్టుకొని, కాలు ఇలా పెట్టు, మోచేయి లోపలికి తీసుకో అని చెబుతూనే ఉన్నారు.

1975 మార్చి చివర శాన్ డియేగో నగరంలో సెమీఫైనల్ జరిగింది. ఎదుటి జట్టు లూయివిల్. దానికి శిక్షకుడు డెన్నీ క్రమ్, వుడెన్ వద్ద ఆడి, ఆయన వద్దనే సహాయకుడుగా పనిచేసినవాడు. గురుశిష్యుల ఆట అదనపు సమయానికి వెళ్లి, ఒక్క పాయింటు తేడాతో, 75–74తో గురువు వైపు తేలింది. ఆట ముగిసిన తరువాత దుస్తులు మార్చుకొనే గదిలో వుడెన్ తన కుర్రవాళ్లకు, రెండు రోజుల్లో జరిగే ఫైనలే తన చివరి ఆట అని చెప్పారు. ఆ ఫైనల్‌లో వారు కెంటకీ జట్టును 92–85తో ఓడించారు. అది పదవ విజయం. ఆయన ఆ తరువాత మరే జట్టుకూ శిక్షకులుగా లేరు. 2010 జూన్ 4న, నూరవ పుట్టినరోజుకు నాలుగు నెలల ముందు, లాస్ ఏంజలిస్‌లో కన్ను మూశారు.

ప్రశ్నలు

1. మేజోటిలోని మడతకూ ఆటలోని ఓటమికీ ఉన్న సంబంధాన్ని సొంత మాటలలో వ్రాయండి.
2. పొట్టి ఆటగాళ్లున్న జట్టు జోన్ ప్రెస్ వ్యూహం పన్నడంలో ఉన్న ఉద్దేశమేమి?
3. 1947లో వుడెన్ ఆహ్వానాన్ని ఎందుకు తిరస్కరించారు? మీరు ఆ జట్టులో ఉంటే ఏమనేవారు?
4. సౌత్ బెండ్ ఆటలో మూడున్నర నిమిషాలు మిగిలి ఉన్నప్పుడు మీరే శిక్షకులయితే ఏమి చేసేవారు? ఆనాటి నియమాలను దృష్టిలో ఉంచుకొని జవాబు వ్రాయండి.
5. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఆటలలో మీకు వచ్చినదానిని తీసుకొని, అందులో ఒక తప్పును వుడెన్ పద్ధతిలో దిద్ది చూపండి.